మెల్లగా వెలిగే దీపం

కొత్తగా చదువుతున్నవారి కోసం, కథ ఎక్కడిదాకా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పాలి. వకుళ పోయి ఏడాది కావస్తోంది. గుడివాడలో బంధువుల పెళ్లి చూసుకుని, పొద్దుగూకాక బందరు వస్తుండగా, గుడ్లవల్లేరు దాటిన తర్వాత మలుపులో కారు కాలవలో పడింది. వకుళ నీళ్లలోనే పోయింది. భర్త యుగంధర్, కూతురు ఐశ్వర్య బతికారు. ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కళ్లలో కొట్టి దారి కనిపించలేదని యుగంధర్ పోలీసులకీ బంధువులకీ చెప్పాడు. ఆ రాత్రి నుంచీ ఐశ్వర్య నోట మాట లేదు. చుట్టూ ఉన్న వెలుగు ఒక్కసారిగా వచ్చినా, ఒక్కసారిగా పోయినా చెవులు మూసుకుని అరుస్తుంది. పిల్ల ఇప్పుడు బందరు పరాసుపేటలో అమ్మమ్మ రావమ్మ, పిన్ని తనూజల దగ్గర ఉంటోంది. యుగంధర్ కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చూసుకుంటూ అప్పుడప్పుడు వచ్చి వెళ్తున్నాడు. "ఆదివారం వచ్చి పిల్లని తీసుకెళ్లిపోతున్నాను" అని ఆయన ఫోన్లో చెప్పి, తనూజ నోరు విప్పేలోపే పెట్టేశాడు.

ఆ ఆదివారం వచ్చింది.

పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది. తనూజ భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుంటే, చిన్న పచ్చరంగు బోర్డు మీదకి వంగి కూర్చుంది. వంటింట్లోంచి రావమ్మ వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏవే, అల్లుడుగారు వచ్చే వేళకి ఇల్లంతా ఈ కాలిన కంపేనా? పిల్ల బట్టలు సర్దమంటే ఈ తీగలు ముందేసుక్కూచున్నావు."

"బట్టలు నేను సర్దను. కావాలంటే నువ్వు సర్దు."

"నేను మాత్రం ఎలా సర్దుతాననుకున్నావే?" అంటూ రావమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది.

ముందుగదిలో చేపల తొట్టి చప్పుడు సన్నగా వినిపిస్తోంది. గాలి మోటారు బుడబుడలాడుతోంది. తొట్టి ముందు పీట వేసుకుని ఐశ్వర్య కూర్చుని ఉంటుంది. ఎప్పుడూ అంతే. వకుళ కిందటేడు పిల్ల పుట్టినరోజుకి కొన్న తొట్టి అది. రెండడుగుల పొడవు, అందులో జత ఏంజెల్ చేపలు, కొన్ని గప్పీలు, పచ్చటి నాచు మొక్కలు. కృత్తివెన్ను నుంచి పిల్లతోపాటు వచ్చిన సామానులో పిల్ల తాకింది దాన్ని ఒక్కదాన్నే.

పగలంతా బాగానే గడిచేది. సాయంత్రం అయ్యేసరికి తొట్టి నల్లబడిపోయేది. మూతలో ఉన్న చిన్న ట్యూబ్‌లైటు వేస్తే టపటపా కొట్టుకుని భళ్లున వెలిగేది. చేపలు బెదిరి అద్దాలకి కొట్టుకునేవి. పిల్ల కెవ్వుమనేది. అందుకని ఆ లైటు వేయడం మానేశారు. దాంతో ఐశ్వర్య చీకటి అద్దానికి నుదురు ఆనించి, నిద్ర ముంచుకొచ్చేదాకా అలాగే కూర్చునేది.

తెల్లవారుతున్నట్టు మెల్లగా వచ్చే వెలుగు కావాలి. తనూజకి ఆ ఆలోచన వేసవిలో వచ్చింది. మొదట మామూలు బల్బుకి ఫ్యాను రెగ్యులేటరు తగిలించింది. వెలుగు మెల్లగానే వచ్చింది, కానీ ఆ వేడికి నీళ్లు వేడెక్కి కొన్ని గప్పీలు చచ్చి తేలాయి. పైగా తడిచేత్తో తాకే చోట ఇంటి కరెంటు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషి చెయ్యాల్సిన పనేనా అని తనని తనే తిట్టుకుని దాన్ని విప్పేసింది. అప్పుడే కొత్తగా వస్తున్న తెల్ల ఎల్‌ఈడీలు, శనగగింజంతవి, హైదరాబాదు కోఠీ నుంచి స్నేహితురాలి చేత తెప్పించుకుంది. ఇవి కూడా వెనకవైపు వేడెక్కుతాయి. అందుకని కిటికీలు చేసేవాళ్ల దగ్గర మిగిలిన అల్యూమినియం పట్టీకి మధ్యలో వేడిని లాగే తెల్లటి పేస్టు రాసి వాటిని బిగించింది. నీటి తుంపర పడకుండా కింద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రేకు పెట్టి, అంచులకి సిలికాన్ పూసింది. ఎడాప్టరు పన్నెండు వోల్టులది. పిల్ల చెయ్యి తడిగా ఉన్నా ఇక భయం లేదు.

మిగిలింది వెలుగుని పెంచి తగ్గించే బోర్డే. ఆఖరి అతుకు వేసి, ఊది, తనూజ దాన్ని ముందుగదిలోకి తీసుకెళ్లింది.

"ఐశూ, కొంచెం జరుగు తల్లీ."

పిల్ల జరిగింది. పెద్ద పెద్ద కళ్లతో చూస్తూ గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

తనూజ కిటికీ తలుపులు మెల్లగా మూసి, పట్టీని తొట్టి మీద అమర్చి, టేప్‌రికార్డరు రిపేరు షాపులో కొన్న వాల్యూమ్ నాబ్‌ని తిప్పింది. వెలుగు వచ్చింది. కానీ నిలకడగా లేదు. తగ్గించిన కొద్దీ వణుకుతోంది. ఐశ్వర్య గోడకి అంటుకుపోయింది, చేతులు చెవుల దగ్గరికి వెళ్లాయి. తనూజ కంగారుపడి లాగేయబోయి, తమాయించుకుని, నాబ్‌ని మెల్లగా కిందికి తిప్పి ఆర్పింది.

"అయిపోయింది. అయిపోయిందమ్మా. పిన్ని బాగుచేస్తుంది."

తప్పు ఎక్కడో తనూజకి తెలుసు. కెపాసిటరు పెద్దది పడింది, అందుకే లైటు ఆరి వెలగడం కంటికి తెలిసేంత నెమ్మదిగా ఉంది. దాన్ని ఊడదీసి చిన్నది వేసింది. ఈసారి ముందు తన వేళ్లు లైటు కింద అటూ ఇటూ ఆడించి చూసుకుంది. ఇందాక ఒక్క వేలు నాలుగు వేళ్లలా విడివిడిగా కనిపించింది. ఇప్పుడు లేదు. అప్పుడు పిల్లని పిలిచి, నాబ్ ఆమె చేతికే ఇచ్చింది.

"నువ్వే తిప్పు. నీకు ఎంత కావాలంటే అంతే వస్తుంది. వద్దనుకుంటే వెనక్కి తిప్పెయ్. చివరికంటా తిప్పితే టక్‌మని ఆగిపోతుంది."

ఐశ్వర్య చాలాసేపు నాబ్ మీద వేళ్లు పెట్టి ఉంచింది. తర్వాత వెంట్రుకవాసి తిప్పింది. తొట్టి అడుగున ఇసుక బూడిదరంగులో తేలింది. ఇంకాస్త తిప్పింది. నాచు మొక్కలు పచ్చబడ్డాయి. రాయి చాటున ఉన్న ఏంజెల్ చేప ఒకటి మెల్లగా బయటికి వచ్చి, అద్దం దగ్గరికి వచ్చి, పిల్ల ముఖానికి ఎదురుగా నిలబడింది. పిల్ల నోరు తెరిచి, చప్పుడు లేకుండా నవ్వింది.

రావమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దాని మొహంలో ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందే!"

అప్పుడే వీధిలో కారు ఆగింది.

యుగంధర్ తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఏడాదిలో మనిషి సగమయ్యాడు. గడ్డం మాసి ఉంది. ఐశ్వర్య తల తిప్పి తండ్రిని చూసింది, మళ్లీ తొట్టి వైపు తిరిగింది.

"బట్టలు సర్దారా అత్తయ్యా?"

"ముందు కూర్చోండి బాబూ. కాఫీ తెస్తాను."

"వద్దండీ. చీకటి పడకుండా బయల్దేరాలి. హైదరాబాదులో హాస్టలున్న స్కూల్లో సీటు మాట్లాడాను. రేపే చేర్పించాలి."

తనూజ లేచి నిలబడింది. "హైదరాబాదా? కృత్తివెన్ను కాదా? మీ దగ్గర పెట్టుకోవడానికి కాదా తీసుకెళ్తున్నది?"

"చెరువుల దగ్గర పిల్లని ఎవరు చూస్తారు తనూజా? అక్కడైతే పదిమంది పిల్లల్లో పడి బాగుపడుతుంది. ఇక్కడ మీరు దాన్ని చేపల ముందు కూర్చోబెట్టి అలాగే వదిలేశారు. ఏమిటీ చీకటి? పట్టపగలు తలుపులేసుకుని..."

అంటూనే ఆయన చెయ్యి గోడ మీద స్విచ్చి దగ్గరికి వెళ్లింది.

"బావా, వద్దు!"

ఆలస్యమైపోయింది. గదిలో ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుని భళ్లున వెలిగింది. ఐశ్వర్య కేక ఇల్లంతా మోగింది. తొట్టిలో చేపలు అద్దాలకి టపటపా కొట్టుకున్నాయి. తనూజ పిల్లని గుండెలకి అదుముకుని కళ్లకి చున్నీ అడ్డం పెట్టింది. ఆర్పబోతున్న యుగంధర్‌ని చూసి అరిచింది.

"ఆర్పకండి! ఆర్పితే ఇంకా బెదురుతుంది. ఆగండి."

ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చేత్తో తొట్టి మీది లైటుని మెల్లమెల్లగా నిండా పెంచింది. అప్పుడు "ఇప్పుడు తీసెయ్యండి" అంది. ట్యూబ్‌లైటు ఆరింది, కానీ గది చీకటి కాలేదు. పిల్ల కేక వెక్కిళ్లలోకి దిగింది.

యుగంధర్ చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. "ఇంకా ఇలాగే ఉందా?" అన్నాడు.

"మీరు ఎప్పుడో పగటిపూట వచ్చి చూసి వెళ్తారు. దాని సాయంత్రాలు మీకేం తెలుసు? రేపు హాస్టల్లో వార్డెను వచ్చి టకీమని స్విచ్చి వేస్తే దీన్ని ఎవరు పట్టుకుంటారు బావా? చుట్టూ ఉన్న పిల్లలు నవ్వరూ?"

"అలవాటవుతుంది."

"ఏడాదిగా అవలేదు."

"ఈ బొమ్మ లైటు పెట్టి నువ్వు నయం చేస్తావా?"

"నయం చేస్తానని నేను అనలేదు. కానీ ఇవాళ మొదటిసారి అది తనంతట తను వెలుగు పెంచుకుంది. మీరు రావడానికి కాస్త ముందే నవ్వింది. అమ్మని అడగండి."

రావమ్మ తల ఊపి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లింది. యుగంధర్ తొట్టి వైపు చూశాడు. కోపం తగ్గినట్టే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ వెలుగు ఎలా తగ్గుతుంది?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నిజానికి తగ్గదు. ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. కంటికి తెలియనంత వేగంగా. ఎక్కువసేపు ఆరి ఉంటే వెలుగు తక్కువగా కనిపిస్తుంది, ఎక్కువసేపు వెలిగి ఉంటే నిండుగా కనిపిస్తుంది."

ఎందుకో యుగంధర్ ముఖం ముడుచుకుపోవడం తనూజ గమనించింది. అదేమిటో ఆలోచించే వ్యవధి లేకపోయింది. ఐశ్వర్య ఆమె ఒళ్లోంచి జారి, వెళ్లి నాబ్ పట్టుకుంది.

ఈసారి మెల్లగా తిప్పలేదు. నిండుగా వెలుగుతున్న లైటుని ఒక్క విసురుతో కిందికి తిప్పేసింది. టక్. తొట్టి నల్లబడిపోయింది. తనూజ ఉలిక్కిపడి చేతులు చాచింది. కానీ పిల్ల అరవలేదు. చీకటి తన చేతిలోదే కాబట్టి కాబోలు. మళ్లీ ఒక్క విసురుతో పైకి తిప్పింది. వెలుగు. టక్. చీకటి. వెలుగు. టక్. చీకటి. పిల్ల చూపు చేపల మీద లేదు. ఎదురుగా గోడ మీద, చాలా దూరంలో ఏదో ఉన్నట్టు చూస్తోంది. చివరిసారి ఆర్పి, ఇక వెలిగించలేదు. నాబ్ వదిలేసి, రెండు అరచేతులూ తొట్టి అద్దానికి గట్టిగా ఆనించి, కారు అద్దాన్ని లోపలి నుంచి తోస్తున్నట్టు తోయడం మొదలుపెట్టింది.

"ఆపమను!" యుగంధర్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "దాన్ని ఆపమను తనూజా!"

తనూజ కదల్లేదు. పిల్ల ఆడుకోవడం లేదు. చెప్తోంది. ఏడాదిగా మాటల్లో చెప్పలేనిది చేత్తో చెప్తోంది.

"బావా," అంది మెల్లగా. "ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కళ్లలో కొట్టాయన్నారు. అది కొట్టేసే వెలుగు కదా. మరి పిల్ల చూపిస్తున్నదేమిటి? ఎవరో లైట్లు ఆర్పి వెలిగిస్తున్నట్టు. మళ్లీ మళ్లీ."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు."

"లారీ ఉందా?"

వానచుక్కలు కిటికీ రేకు మీద పడుతున్నాయి. యుగంధర్ చూపు అటు తిప్పుకున్నాడు.

"నా కళ్లలోకి చూసి చెప్పండి బావా. ఆ రోజు లారీ వచ్చిందా?"

"రాలేదు."

వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిన రావమ్మని ఆ మాట అన్నాకే ఆయన చూశాడు. ఇక ఆగలేదు. నేల వైపు చూస్తూ, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు చెప్పుకుపోయాడు.

"లారీ లేదు, ఏదీ లేదు. దారంతా ఖాళీ. నాకూ వకుళకీ పెళ్లిలోనే మాటా మాటా వచ్చింది. కారులో కూడా ఆగలేదు. అరుచుకుంటున్నాం. భయపెడితే నోరు మూస్తుందని హెడ్‌లైట్లు ఆర్పేశాను. గట్టు మీద కటిక చీకటి. భయపడి ఆగింది. వెలిగించాను. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆర్పాను. ఆఖరుసారి ఆర్పినప్పుడు మలుపు వచ్చింది. అంతే."

తనూజకి అక్క గొంతు వినిపించినట్టయింది. చిన్నప్పుడు కరెంటు పోతే తన చెయ్యి వెతికి పట్టుకునే అక్క. చీకట్లో అరిచి ఉంటుంది. వెనక సీట్లో ఈ పిల్ల.

"అందుకేనా హాస్టలు?" అంది. ప్రతి మాటా కోసుకుంటూ వచ్చింది. "ఎప్పటికైనా దానికి మాట వస్తే మా ఎదుట చెప్పేస్తుందనే కదా, మాకు అందకుండా దూరంగా పంపేద్దామనుకున్నారు?"

ఆయన తల ఎత్తలేదు. "అవును. అందుకే."

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడయింది. రావమ్మ మెల్లగా నడిచి వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడింది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన్ని బాబూ అని తప్ప పిలవని మనిషి.

"నా కూతుర్ని చీకట్లో పెట్టి చంపావా?"

"అత్తయ్యా..."

"ఆ పిలుపు ఇంకోసారి నీ నోట రానివ్వకు. శవం పక్కన కూర్చుని ఏడుస్తుంటే నిన్నే ఓదార్చాన్రా నేను! నా కడుపు కోత దిగమింగుకుని, పెళ్లాం పోయిన మగాడని నీకు అన్నం కలిపి పెట్టాను." చెయ్యెత్తి వీధి గుమ్మం చూపించింది. "లే. బయటికి నడు. ఈ పిల్ల మొహం నీకు మళ్లీ చూపించను. పోలీసులకి చెప్పాల్సింది నా కూతురు తనూజ చెప్తుంది. పో!"

ఇంతకాలం మోసిన బరువేదో దిగినట్టు యుగంధర్ గుమ్మం వైపు నడిచాడు. బయట వానలో చెప్పుల కోసం వంగాడు.

"నాన్న కాదు."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ అర్థం కాలేదు. బొంగురుగా, గీసుకుపోయినట్టుంది. తనూజ మెడ తిప్పింది. ఐశ్వర్య తొట్టిని వదిలి గది మధ్యలో నిలబడి ఉంది. చిన్న పిడికిళ్లు బిగించి, అమ్మమ్మ వైపు చూస్తోంది.

"నాన్నని తిట్టకు అమ్మమ్మా. నాన్న లైట్లు ఆర్పలేదు."

రావమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తనూజ మోకాళ్ల మీద కూలబడి పిల్ల భుజాలు పట్టుకుంది. మాట వచ్చింది. దేవుడా, మాట వచ్చింది. ఆ సంతోషం గుండెల్లోకి దిగేలోపే, పిల్ల అన్న మాట అర్థమైంది.

"ఏమన్నావు ఐశూ? మళ్లీ చెప్పు తల్లీ."

"నాన్న నా పక్కన కూర్చున్నాడు పిన్నీ. వెనక సీట్లో. నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. లైట్లు వెయ్యి, లైట్లు వెయ్యి అని అరిచాడు."

ఆ రాత్రి ఊళ్లోవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి యుగంధర్ పిల్లని ఎత్తుకుని గట్టు మీద ఉన్నాడు. కారు అప్పటికే నీళ్ల కింద ఉంది, వకుళ కారు బయట నీళ్లలో దొరికింది. లోపల ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆయన చెప్పగా విన్నవాళ్లే తప్ప చూసినవాళ్లు లేరు. ఆ కారులో ఉన్నది ముగ్గురే. తండ్రీ కూతురూ వెనక కూర్చుంటే...

"అయితే ముందు ఎవరున్నారమ్మా?" తనూజ అడిగింది. "ఎవరు ఆర్పారు?"

ఐశ్వర్య నోరు తెరిచింది.

యుగంధర్ వాన నీళ్లు కారుతున్న కాళ్లతోనే పరుగున లోపలికి వచ్చాడు. పిల్ల ముందు నేల మీద పడ్డట్టు కూర్చున్నాడు. ఆ నోట ఒక్క మాట కోసం ఏడాదిగా తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఆ నోటికే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు తల్లీ. నేనే ఆర్పాను. నేనే. అమ్మమ్మకి అదే చెప్పు."

ఆయన వేళ్ల మీదుగా పిల్ల కళ్లు రావమ్మని చూస్తున్నాయి.

రావమ్మ ముందుకి వచ్చింది. ఆవిడ ముఖంలో ఇందాకటి కోపం లేదు. దాని చోట తనూజ ఎన్నడూ చూడని భయం ఉంది.

"చెయ్యి తియ్యండి బాబూ," అంది. "దాన్ని చెప్పనివ్వండి."